బొట్టు పెట్టని అక్షరం

పుదుచ్చేరిలో తెలుగు మాట్లాడేవాళ్ళు వీధులకు వీధులే ఉండేవారు. తెలుగు చదవగలిగినవాళ్ళను మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు, అందులో ఒక వేలు నేను. మా ఇళ్ళలో వంటింట్లో తెలుగు, వీధిలో తమిళం, కచేరీకి పోతే ఫ్రెంచి. అక్షరం అంటే తమిళ అక్షరమే. అలాంటి ఊళ్ళో కూర్చుని తెలుగులో నవల రాసి, సొంతంగా అచ్చు వేయించుకుందామనుకున్నవాడికి మతి చెడిందని వీధివాళ్ళు అనుకున్నారు. వాళ్ళ మీద కోపం వచ్చేది. ఇప్పుడు రావడం లేదు.

రేవు దగ్గర శనక్కాయల గిడ్డంగిలో గుమాస్తా పని నాది. మూటలు తూకం వేయించడం, పడవలకెక్కించడం, దుమ్ముకు దగ్గడం. దొరలు చర్చికి పోయే పుణ్యమా అని ఆదివారం సెలవుండేది. ఆ ఒక్క ఆదివారాన్ని నేను మూడు ముక్కలు చేశాను. ఒక ముక్క నవలకు. ఒక ముక్క వీధినాటకం వాళ్ళకు: మెత్తటి చెక్క చెక్కి, అద్దం బిళ్ళలు అతికించి, రంగులు పూసి కిరీటాలు, భుజకీర్తులు చేసి ఇచ్చేవాణ్ణి. మూడోది సముద్రానికి. ఏ ముక్కలో ఉన్నా మిగతా రెండూ నన్ను పీకుతూ ఉండేవి. రంగు పూస్తుంటే కథ గుర్తొచ్చేది, కథ రాస్తుంటే కిటికీలోంచి ఉప్పుగాలి వచ్చేది. మూడింటినీ సమంగా నడుపుతున్నానని గొప్పలు చెప్పుకునేవాణ్ణి గానీ, నిజానికి మూడూ నన్ను తలో వైపు లాగుతుండేవి.

నవల మా అక్క కోసం మొదలుపెట్టాను. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. నేను బడికి పోయే రోజుల్లో బావ సైగోనుకు ఓడెక్కాడు. అక్కడ దొరల కచేరీలో కొలువు దొరుకుతుందని మా ఊరినుంచి చాలామంది పోతుండేవారు. కొన్నాళ్ళు ఉత్తరాలు వచ్చాయి, తర్వాత ఆగిపోయాయి. పోయాడన్న కబురూ రాలేదు, ఉన్నాడన్న కబురూ రాలేదు. అక్క మాత్రం పొద్దున్నే తల దువ్వుకుని, రూపాయంత బొట్టు పెట్టుకుని, చేతినిండా గాజులతో తిరిగేది. వీధిలో ఆడవాళ్ళు వెనక చెవులు కొరుక్కునేవారు. మా ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

సాయంత్రం గిడ్డంగినుంచి రాగానే అక్క ఒకటే అడిగేది.

"సైగోను కప్పల వచ్చిందా?"

కప్పల అంటే ఓడ. మా ఇంటి తెలుగులో తమిళం అలా కలిసిపోయి ఉంటుంది. ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు అడిగేది. వచ్చిందనో రాలేదనో నేను చెప్పేవాణ్ణి. అందులోంచి ఎవరు దిగారని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. ఆ ప్రశ్న వినీ వినీ నాకు పిచ్చెక్కేది. చివరికి, ఎక్కడో ఒకచోటైనా బావ ఇంటికి రావాలి కదా అనిపించింది. కాగితం మీదైనా సరే తీసుకొద్దామని రాయడం మొదలుపెట్టాను.

సముద్రం గురించి రాయాలంటే సముద్రం తెలియాలి. రేవులో మూటలు లెక్కపెట్టినవాడికి సముద్రం తెలియదు. అందుకని పక్కనున్న జాలరిపల్లె వీరాంపట్టినం నడిచిపోయి, ఒక జాలరి అన్నతో స్నేహం చేసుకున్నాను. ఆయన తల్లివైపు వాళ్ళు తెలుగువాళ్ళు, మా యాస విని నన్ను తెప్ప ఎక్కనిచ్చాడు. మొదటిసారి కడుపులో ఉన్నదంతా కక్కాను. ఆయన నవ్వి, "రాసేటోడికి ఇది గూడా కావాల," అన్నాడు. ఆ తర్వాత మానలేకపోయాను.

ఒకసారి నడిసముద్రంలో గాలి పడిపోయింది. తెరచాప తడిగుడ్డలా వేలాడింది. దీపస్తంభం కళ్ళకు కనబడుతూనే ఉంది, మేం మాత్రం కదలడం లేదు. తెడ్లు వేస్తే నీటి ఒరవడి వెనక్కి లాగుతోంది. ఇంటిని చూస్తూ ఇంటికి చేరలేకపోవడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. ఎంతో సేపటికి చాప అంచు కొంచెం కదిలింది. అన్న తలెత్తి, "గాలి వచ్చింది," అన్నాడు, అంతే. ఆ రెండు మాటలే నా నవలకు ముగింపని అక్కడే అనుకున్నాను.

కథలో భర్త కారైక్కాలు దాకా ఓడలో వస్తాడు. అక్కణ్ణుంచి తెరచాప పడవెక్కుతాడు. భార్య ఒడ్డున నిలబడి ఉంటుంది. దూరంగా ఒక పడవ, గాలి లేక నిలిచిపోయి, రాత్రంతా అక్కడే ఉంటుంది. అందులో ఎవరున్నారో ఆమెకు తెలియదు. చివరి మాటలు ఇవి: "తెల్లవారింది. పడవ కదిలింది. గాలి వచ్చింది." ముందు గాలి రావాలి, తర్వాత పడవ కదలాలి, ఆ మాత్రం నాకూ తెలుసు. కానీ ముందు కదలిక చూపించి, కారణం ఆఖరున చెబితే అందంగా ఉంటుందనుకున్నాను. అతను వచ్చాడు అని పచ్చిగా రాయడం చవకబారుగా తోచింది. ఆ మూడు వాక్యాల కోసం ఎన్ని కాగితాలు చించానో. రాసినవాడి మురిపెం అలాంటిది.

అక్క బియ్యంలో రాళ్ళేరుతుంటే పక్కన కూర్చుని చదివి వినిపించబోయాను. రెండు పేజీలు విని చేట పక్కన పెట్టింది.

"నువ్వు చదివితే నీ గొంతే వినబడతాదిరా. నేను ఒంటిగా చదువుకోవాల. నాకొచ్చిన అచ్చరాల్లో ఎయ్యి."

అక్కకు వచ్చినవి తమిళ అక్షరాలు. అరుగు బడిలో నేర్చుకున్నవి. ఆలోచిస్తే మా వీధులన్నిటికీ వచ్చినవి కూడా అవే. మాట తెలుగు, లిపి తమిళం. ఇంత సులువైన ఉపాయం ఇన్నాళ్ళూ ఎవరికీ ఎందుకు తట్టలేదా అని పొంగిపోయాను. ఎందుకు తట్టలేదో తర్వాత తెలిసింది.

అచ్చాఫీసు ఆయన పెళ్ళి పత్రికలు, కచేరీ నోటీసులు వేసేవాడు. నా కాగితాలు తిరగేసి, "ఏ బాషైనా నాకు సీసం అచ్చులే తంబీ," అని పనిలో పడ్డాడు. అట్టమీద బొమ్మకు దిమ్మ నేనే చెక్కాను, కిరీటాలు చెక్కిన చెయ్యే కదా అన్న ధీమాతో. అలల మీద పడవ, తెరచాప, లోపల నిలబడ్డ మనిషి. పడవ బాగా వచ్చింది. మనిషి దగ్గర ఉలి జారి తల ఊడింది, సరిచేయబోతే ఒళ్ళంతా లేచిపోయింది. మళ్ళీ చెక్కే ఓపిక లేక అక్కడ చదును చేసేశాను. మనిషి లేకుండానే అట్ట అచ్చయింది.

పుస్తకాలు ఇంటికి వచ్చిన వారం, మిల్లులో పనిచేసే ఎదురింటి మామ అరుగుమీద కూర్చుని పైకి చదవడం మొదలుపెట్టాడు. వీధి వీధంతా చేరింది. నేను తలుపు వెనక నిలబడి ఉన్నాను. తమిళంలో క, గ లకు ఒకటే అక్షరం, ప, బ లకు ఒకటే. మాట నడుమ వస్తే నోరు దానంతటది సర్దుకుంటుంది. మాట మొదట్లో వస్తేనే చిక్కు. నేను "ఆమె రోజూ పొద్దున్నే గుడికి పోయేది" అని రాస్తే, మామ "కుడికి పోయేది" అని చదివాడు. కుడి అంటే తమిళంలో తాగడం.

"ఏందబ్బాయా, నీ పతివ్రత పొద్దుపొద్దున్నే తాగను పోతాదా?"

అరుగంతా నవ్వింది. ఆ తర్వాత ఏ పేజీ తిప్పినా నవ్వే. ఆమె పూజ చేసినచోట నవ్వారు, ఏడ్చినచోట ఇంకా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. మిగిలిన పుస్తకాలను మంచం కిందికి తోసేశాను. ఎవరో ఒకరిద్దరు మొహమాటానికి పట్టుకెళ్ళారు. మళ్ళీ ఎవరూ అడగలేదు.

అక్క మాత్రం నవ్వలేదు. తన పుస్తకం తీసి పెట్టమంది. అప్పుడు నాకు ఇంకో ఉపాయం తట్టింది. అక్క పుస్తకం ఒక్కదానిలో, మాట మొదట్లో గట్టిగా పలకాల్సిన ప్రతి అక్షరం నెత్తిన కుంచెతో ఎర్ర చుక్క పెడతాను. చుక్క ఉంటే గ, లేకపోతే క. కిరీటాలకు పూసే రంగు ఎలాగూ ఇంట్లో ఉంది. అక్క నా భుజం మీదనుంచి తొంగి చూసింది.

"అచ్చరాలకి బొట్లు పెడతా ఉండావా?"

"అవునక్కా. బొట్టుంటే గుడి, లేకుంటే కుడి. అంతా అయ్యేదాకా చదవొద్దు."

"సరిలే. పెట్టియ్యి, ఆగతా," అంది. ముచ్చటపడింది.

తొందరగా అవుతుందనుకున్నాను. కాలేదు. సాయంత్రాలు గిడ్డంగి దుమ్ముతో కళ్ళు మండేవి. ఆదివారం చుక్కలకు కూర్చుంటే నాటకంవాళ్ళు వచ్చేవారు. వీరాంపట్టినం అమ్మవారి జాతర దగ్గరపడుతోంది, కిరీటాలు కావాలి. కిరీటాలు పట్టుకుంటే సముద్రం పిలిచేది. జాతర ముందు ఆదివారం దూరం పోతున్నాం, వస్తావా అని జాలరి అన్న కబురు పెట్టాడు. ఇన్నేళ్ళలో అంత లోపలికి నన్ను ఎవరూ రమ్మనలేదు.

శనివారం సాయంత్రం చివరి అధ్యాయంలో ఉన్నాను. గుమ్మం ముందు బండి వచ్చి నిలిచింది. కిరీటాలు అందులో ఎక్కించి, నేనూ ఎక్కి వీరాంపట్టినం పోవాలి. తెల్లవారకముందే తెప్ప బయల్దేరుతుంది. బండివాడు ఎద్దుల్ని అదిలిస్తున్నాడు, నాటకంవాళ్ళు కేకలు వేస్తున్నారు. ఆఖరి ఆకు ఒక్కటే మిగిలింది. దానిమీద ఉన్నవి ఆ మూడు వాక్యాలే. పెట్టాల్సిన చుక్క ఒకే ఒక్కటి. వచ్చాక పెడదాంలే అని కుంచె కడిగేసి, పుస్తకం గూట్లో పెట్టి బండెక్కాను.

ఆ ఆదివారం ఎంత బాగుందో చెప్పలేను. నీళ్ళు నల్లగా, లోతుగా ఉన్నాయి. గాలి ఒక్కసారి కూడా పడిపోలేదు. ఎండకు ఒళ్ళు కాలి, ఉప్పుకు పెదాలు పగిలి, చేతిలో చేపలు పట్టుకుని పాట పాడుకుంటూ ఇంటికి నడిచొచ్చాను. బతుకులో అంత సంతోషంగా ఉన్న రోజు నాకింకోటి లేదు.

అక్క పెరట్లో బావిగట్టు దగ్గర కూర్చుని ఉంది. మొహం కడుక్కుంది. నుదురు బోసిగా ఉంది. చేతులకు గాజుల్లేవు. పుస్తకం ఒళ్ళో ఉంది.

"ఏందక్కా ఇది?" అన్నాను.

"చదివేసినాను రా. అయిపోయిందని గూట్లో పెట్టి పోతివి గదా." గొంతు మామూలుగానే ఉంది. "నాకు ముందే చెప్పుండొచ్చు. నోటితో చెప్పలేక ఇంత పొస్తకం రాసినావే, పావం."

నాకేమీ అర్థం కాలేదు. అక్క ఆఖరి ఆకు తీసి, వేలు పెట్టి చదివింది. "పడవ కదిలింది. కాలి వచ్చింది."

కాలి అంటే మా ఇంటి మాటలో ఖాళీ.

"అట్ట మింద బొమ్మ చూసినప్పుడే అనుకున్నా," అంది. "పడవలో ఎవురూ లేరే అని."

"అది కాలి కాదక్కా, గాలి. గాలి వచ్చింది. బావ వచ్చేసినాడు. అదీ కథ."

అక్క నన్ను చిన్నప్పుడు అబద్ధమాడితే చూసినట్టు చూసింది. కోపంగా కాదు, జాలిగా.

"గాలైతే బొట్టు పెట్టుండవా? అన్నిటికీ పెట్టినావు, దీనికి మాత్రం పెట్టలా. ఇంక నన్ను ఓదార్చొద్దులే."

గాలేనని ఒట్టేశాను. తెలుగులో రాసుకున్న నా కాగితాలు తెచ్చి చూపించాను. ఆమెకు ఆ అక్షరాలు రావు కదా. నేను వేలుపెట్టి చూపిస్తున్నచోట గ ఉందో క ఉందో ఆమెకెలా తెలుస్తుంది. తెల్లవారి వీధిలో ఆడవాళ్ళు వచ్చి అక్కను పట్టుకుని ఏడ్చారు. ఎన్నేళ్ళనుంచో ఆపుకున్న ఏడుపు కాబోలు, ఒకరు మానితే ఒకరు అందుకున్నారు. ఇది అచ్చు తప్పమ్మా అని వాళ్ళకేం చెప్పను. చెప్పినా బావ ఉన్నాడని నేను ఒట్టేయగలనా. నాకు మాత్రం తెలుసా.

ఆ తర్వాత కూడా తెప్ప ఎక్కాను, కిరీటాలు చేశాను. ఏదీ మానలేదు. ఆఖరి ఆకు మీద చుక్క కూడా పెట్టాను. అక్క ఆ పుస్తకం మళ్ళీ తెరవలేదు. సైగోను ఓడలు వస్తూనే ఉండేవి. అలాంటి రోజున ఇంటికొచ్చి, చెప్పులు విడిచి, గుమ్మంలో కాసేపు నిలబడేవాణ్ణి, అడుగుతుందేమోనని. అక్క వంటింట్లోంచి, "కాళ్ళు కడుక్కోరా, అన్నం పెడతా," అనేది.