గుమ్మం దాకా వచ్చిన పాట

పాట ఎందుకు బాగుంటుందో చెప్పడం కూడా ఒక ఉద్యోగమే. పాడనక్కర్లేదు, వాయించనక్కర్లేదు. యూనివర్సిటీ మూడో అంతస్తులో, కిటికీ సరిగ్గా మూతపడని గదిలో కూర్చుని, ఏడుపొచ్చే పాటని మనుషులు కోరి కోరి ఎందుకు వింటారని ఆలోచించాలి. ప్రొఫెసరమ్మకి ఆ ఆలోచనలోనే జుట్టు నెరిసిపోయింది. ఆవిడ రాసిన పుస్తకం ఇటుకంత ఉంటుంది. ఇంట్లో ఎవరూ చదివిన పాపాన పోలేదు. చెల్లెలు మాత్రం చీర మడత నలగకుండా దాన్ని బరువుకి పెట్టుకునేది.

చిన్నప్పుడు ఇద్దరూ పాడేవారు. ఒకరోజు వాళ్ళమ్మ ఇంటికొచ్చినవాళ్ళ ముందు, "గొంతు చిన్నదానికొచ్చింది, బుర్ర పెద్దదానికొచ్చింది" అనేసింది. వంకాయలు పంచినట్టు పంచిపారేసింది. సాయంత్రానికి ఆ మాట ఆవిడకే గుర్తులేదు. కానీ ఆ రోజు నుంచి పెద్దది నోరు తెరిచి పాడలేదు, చిన్నది పుస్తకం ముట్టలేదు.

చిన్నది స్కూల్లో పిల్లలకి పాటలు నేర్పే టీచరైంది. సెలవొస్తే అక్క గదికొచ్చి టేప్‌రికార్డర్ ముందు కూర్చుని పాడిపెట్టేది. అక్కకి క్లాసులో వినిపించడానికి పాటలు కావాలి మరి.

ఆ క్లాసు తీరే వేరు. ప్రొఫెసరమ్మ పాట పెడుతుంది. పాట ఎక్కుతుంది, దిగుతుంది, ఊరంతా తిరుగుతుంది, బయల్దేరిన చోటికి వచ్చేస్తూ ఉంటుంది. ఇంకొక్క స్వరం ఉందనగా టక్కున ఆపేస్తుంది. పిల్లలంతా ముందుకు వంగి, ఊపిరి బిగబట్టి ఉంటారు. "చూశారా, అందమంతా ఈ ఎదురుచూపులో ఉంది. ఆ స్వరం వచ్చేశాక ఇంకేం లేదు, అయిపోవడమే" అంటుంది. ఇటుకంత పుస్తకంలోనూ ఉన్నది ఆ ముక్కే.

ఒకసారి చెల్లెలు వెనక బెంచీలో కూర్చుని ఈ చోద్యం చూసింది. క్లాసు అవగానే అక్క మీద పడింది.

"నా పాటని గుమ్మం దాకా తెచ్చి మొహమ్మీద తలుపేస్తావేంటే?"

"లోపలికొచ్చేస్తే నేను చెప్పడానికేం మిగుల్తుందే?"

"నీ మొహం. అంత దూరం తిరిగొచ్చింది, దాని కాళ్ళు నొప్పెడతాయి. కూర్చోనియ్యవే!"

ఇద్దరూ పడీ పడీ నవ్వుకున్నారు. మళ్ళీ వారం కూడా అక్క అక్కడే ఆపింది.

జ్వరమని హాస్పిటల్లో చేరిన ఆ చెల్లెలు తిరిగి ఇంటికి రాలేదు. ప్రొఫెసరమ్మ ఏడవలేదు. వచ్చినవాళ్ళకి కుర్చీలు వేసింది, మంచినీళ్ళిచ్చింది. ఎవరైనా వాటేసుకుని బావురుమంటే వాళ్ళ వీపు నిమిరింది. సెలవు అయిపోగానే క్లాసుకెళ్ళి అదే పాట పెట్టింది, అదే చోట ఆపింది, అదే మాట చెప్పింది. చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. పన్ను పీకే ముందు మత్తిస్తే చెంప ఎలా ఉంటుంది? తనదే అయినా తనది కానట్టు. ఆవిడకి ఒళ్ళంతా అలా ఉంది.

ఆ వారంలోనే చెల్లెలి మొగుడూ కూతురూ వచ్చారు. కూతురు బ్యాంకులో పని చేస్తుంది, మాట ఖరాఖండిగా ఉంటుంది.

"వదినా, ఆదివారం తను పాటలు నేర్పిన స్కూలు హాల్లో అందరం కూర్చుని తనని తల్చుకుందామనుకుంటున్నాం" అన్నాడు మరిది. "తన పాట ఒక్కటి పెడితే బాగుంటుంది. మా ఫోన్లలో ఉన్నవన్నీ గోలే. పిల్లలరుస్తుంటారు, కుక్కర్ కూస్తుంటుంది. శుభ్రంగా ఉన్నవి మీ దగ్గరేగా."

"మొత్తం పాట కావాలి పెద్దమ్మా, ముక్క కాదు" అంది కూతురు.

"చూస్తాను" అంది ప్రొఫెసరమ్మ.

చూడటానికేముంది? కొన్నేళ్ళ కిందట గదికి చెమ్మ పట్టి క్యాసెట్లు బూజెక్కుతుంటే, ఆవిడే కూర్చుని అన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించింది. పాఠానికి ఎంత కావాలో అంతే ఎక్కించింది. చివరి స్వరం పాఠానికి అక్కర్లేదు. క్యాసెట్లని సంచిలో కట్టి తనే చెత్తలో పడేసింది. చదువుకున్నవాళ్ళకి అక్కర్లేనిది అంత కచ్చితంగా తెలుస్తుంది.

అయినా ఒక్కొక్క పాటే పెట్టుకుంటూ పోయింది. ప్రతి పాటా గుమ్మం దాకా వచ్చి నిలబడిపోయింది.

శనివారం కూతురొచ్చింది. ప్రొఫెసరమ్మ పాట పెట్టింది. ఆగిపోయింది.

"మిగతాది?"

"లేదు."

"వేరే పాట పెట్టు."

"అన్నీ ఇంతే."

"మా అమ్మ ఇన్నేళ్ళు నీకు పాడిపెడితే, ఒక్కటంటే ఒక్కటి పూర్తిగా దాచలేదా పెద్దమ్మా? నీకసలు చెల్లెలు కావాలా, ఉదాహరణ కావాలా?"

ప్రొఫెసరమ్మకి తిట్టు తగిలిందని తెలుస్తోంది గానీ నొప్పి తెలియడం లేదు.

చివరికి కూతురే కళ్ళు తుడుచుకుని, "సరే, అది ఆగిన చోట నుంచి నేనందుకుంటా. ఒక్క ముక్కేగా" అని పాడి చూపించింది.

"అలా దూకకు" అంది ప్రొఫెసరమ్మ వెంటనే. "మీ అమ్మ తిన్నగా వచ్చి పడేది కాదు. కాస్త కిందికి దిగి, అక్కడ ఊపిరి తీసుకుని, మెల్లిగా పైకొచ్చి కూర్చునేది."

"ఎలా? పాడి చూపించు."

"నేను పాడను. చేత్తో చూపిస్తా, చూడు." గాలిలో గీత గీసింది. కూతురు ఆ గీత పట్టుకుని పాడింది. కాదంది. మళ్ళీ గీసింది. వెలుగు తగ్గేవేళకి ఎలాగో దారికొచ్చింది.

ఆదివారం హాలు నిండింది. స్కూలు టీచర్లు, చుట్టాలు, చెల్లెలి దగ్గర నేర్చుకున్న పిల్లలు. ముందు వరసలో ప్రొఫెసరమ్మ క్లాసుకి తీసుకెళ్ళే పాటల మిషను ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలు బటన్ మీద ఆనించి కూర్చుంది. కూతురు పక్కనే నిలబడింది.

పాట మొదలైంది. ఎక్కింది, దిగింది, తిరిగింది. ఆగిపోయింది.

కూతురు నోరు తెరిచింది. గొంతు రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. గాలి తప్ప ఏం రాలేదు. హాలంతా ముందుకు వంగి ఉంది. మరిది తల వంచుకున్నాడు. ఎవరి కుర్చీయో కిర్రుమంది.

ఇన్నేళ్ళుగా ఆ ఎదురుచూపే అందమని చెప్పిన మనిషి ఇప్పుడు దాని మధ్యలో కూర్చుంది. అందం ఏ మూలా కనపడలేదు. నీళ్ళు రాని కుళాయి కింద బిందె పెట్టుకుని కూర్చున్నట్టుంది.

ఆవిడ లేవలేదు. కూర్చున్నచోటే నోరు తెరిచింది. ఎన్నో ఏళ్ళు మూసి ఉంచిన గొంతు, తుప్పు పట్టిన గొళ్ళెంలా గరగరలాడింది. పాట కిందికి దిగింది. ఊపిరి తీసుకుంది. మెల్లిగా పైకొచ్చి కూర్చుంది.

జనం వెనక్కి జారగిలబడ్డారు. ఎవరో ముక్కు చీదారు. మరిది భుజాలు కదులుతున్నాయి. కాసేపటికి ఒక్కొక్కరే లేచారు. కుర్చీలు జరిపిన చప్పుడు, గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటూ మాటలు. ప్రొఫెసరమ్మ ఎదురుగా ఉన్న ఖాళీ గోడని చూస్తూ అలాగే ఉంది. లోపల ఏదైనా కదులుతుందేమోనని చూసింది. ఏమీ కదలలేదు. వేలు మాత్రం బటన్ మీదే ఉంది.

కూతురు వంగి ఆ వేలు పట్టుకుని మెల్లిగా తీసింది.

"అయిపోయింది పెద్దమ్మా. లే."

"అయిపోయిందా?" అంది ఆవిడ.