దగ్గు మాత్రలూ రెండు దమ్ములూ

ఉద్యోగంలో చేరిన ఆ మొదటి ఏడాది నాకు ఆదివారాలంటే భయంగా ఉండేది. ఒంటరితనం అనే మాట అప్పటికి తోచలేదు, తిండి పడట్లేదేమో అనుకునేవాణ్ణి. గిద్దలూరులో మేడమీద ఒక గది, సెల్ టవర్లు బాగుచేసే పని. వారమంతా కంభం దాకా తిరిగి అందరి ఫోన్లూ మోగేలా చూసేవాణ్ణి (నా ఫోన్ మాత్రం రీచార్జి గుర్తుచేయడానికే మోగేది). అలాంటి రోజుల్లో దగ్గు, జ్వరం పట్టుకుంటే డాక్టరు ఐదు రోజులకు యాంటీబయాటిక్ రాసిచ్చాడు. రెండో రోజు ఆదివారం. ఆ మధ్యాహ్నం నన్ను చూడడానికి వచ్చింది ఒక్కడే, నాతో పనిచేసే 'సిద్ధాంతి'. ప్రతిదానికీ ఒక సిద్ధాంతం చెప్పేవాడు కాబట్టి ఆ పేరు.

"ఏందిరా, ఇట్ల అయిపోయినావు?" అంటూ మంచం అంచున కూర్చుని, జేబులోంచి గంజాయి నింపిన సిగరెట్ తీశాడు. "రెండు దమ్ములు లాగు, దగ్గు అణిగిపోతాది. ఇది ఆకేరా, మాత్రలతో తగువు పెట్టుకోదు." నేను నమ్మలేదు. కానీ వద్దంటే లేచి వెళ్లిపోతాడేమో. ఇంకో అరగంట కూర్చుంటాడన్న ఆశతో లాగాను. దగ్గు అణగలేదు సరికదా, కళ్లలో నీళ్లు తిరిగేదాకా దగ్గాను. నేనింకా దగ్గుతుండగానే అతనికి ఫోన్ వచ్చింది. "మళ్లొస్తాలేరా" అని వెళ్లిపోయాడు.

తర్వాత గుండె దడదడలాడింది, నోరు పిడచకట్టింది. మాత్రా గంజాయీ లోపల కలిసి విషమయ్యాయని తేల్చుకుని, మందుల కవరు పట్టుకుని, గోడ ఆసరాతో మెట్లు దిగి, వీధి మొదట్లో ఉన్న మందుల దుకాణానికి చేరాను. అది నడిపే పెద్దాయనను అందరూ చాచా అనేవారు.

"చాచా, మా ఫ్రెండ్ ఒకడు యాంటీబయాటిక్ వేసుకుంటా గంజాయి తాగినాడు. ఏమన్నా అయితాదా?"

ఆయన నా ఎర్రటి కళ్లు చూశాడు. "మీ ఫ్రెండును ఆ బెంచీ మీద కూసోమను బేటా," అన్నాడు.

నీళ్లిచ్చి, నాడి పట్టుకుని, మాత్రల కవరు తిప్పి చూశాడు. "దడ ఆ పొగది. కొన్ని మాత్రలు తోడైతే ఇంకా పెరుగుతాది. అయినా దగ్గుకు మందేసుకుంటా పొగ తాగేది ఏంది? కోర్సు ఆపొద్దు. రేపు డాక్టరుకు దాచకుండా చెప్పు. ఊపిరి ఆడకపోతే మాత్రం ఇప్పుడే ఆసుపత్రికి పోదాం. మీ వాళ్లెవరి నంబరన్నా ఇయ్యి."

ఫోన్‌లో పేర్లు పైకీ కిందికీ జరిపాను. అమ్మకు చెబితే హడలిపోతుంది. మిగిలినవన్నీ టవర్ల పనికి సంబంధించిన నంబర్లే. "ఎవరూ లేరు చాచా," అన్నాను. అన్నాక ఏడుపొచ్చింది (గంజాయి వల్లేనని చాలా ఏళ్లు వాదించాను). ఆయన ఫ్యాను నావైపు తిప్పి, బేరాలు చూసుకుంటూనే మీ ఊరేది, అమ్మ ఏం వండుతాది అని అడుగుతూ కూర్చున్నాడు. నేను రెండు గంటలు మాట్లాడాను. మధ్యలో ఒక అవ్వ నన్ను కొత్త గుమాస్తా అనుకుని, "నాయనా, మోకాళ్ల నొప్పికి మాత్ర ఇయ్యి," అంటే లేవబోయాను కూడా. "ఉండు అవ్వా, ఈ పూట వాడు పేషెంటు," అన్నాడు చాచా.

సాయంత్రానికి దడ తగ్గింది. మర్నాడు డాక్టరు చేత తిట్లు తిన్నాను, కోర్సు పూర్తి చేశాను, దగ్గు పోయింది. అయినా రోజూ పని నుంచి వచ్చాక దుకాణానికి వెళ్లి, గొంతు గరగరగా ఉందని చప్పరించే బిళ్లలు కొనేవాణ్ణి. చాచా ఒక్కసారి కూడా గొంతు చూపించమనలేదు. బెంచీ మీది అట్టపెట్టెలు పక్కకు జరిపేవాడు, అంతే. ఇప్పుడు అప్పటి నన్ను, ఆ కుర్రవాణ్ణి, తలుచుకుంటే నవ్వొస్తుంది. ఊరికే వచ్చాను చాచా అని చెప్పడానికి వాడికి ఇంకో ఏడాది పట్టింది.