గాడిద మీద సముద్రపు బ్యాటరీ

నేను ఇప్పటికీ సముద్రం చూడలేదు. అయినా తెరచాప పడవల్లో నెలల తరబడి తిరిగేవాళ్లు కరెంటు ఎలా పుట్టించుకుంటారో గంటసేపు చెప్పగలను. నల్లగొండ జిల్లా గ్రంథాలయంలో దొరికిన, దాని గురించే రాసిన ఒక ఇంగ్లీషు పుస్తకాన్ని, నిఘంటువు పక్కన పెట్టుకుని రెండుసార్లు చదివాను. నాకంటే ముందు దాన్ని ఎవరూ తీసుకెళ్లలేదు. వెనక అతికించిన తేదీల చీటీ ఖాళీగా ఉంది.

తెలంగాణ వచ్చిన కొత్తలో ఒక ఎండాకాలం, బావ గొర్రెలను తోలుకుని కృష్ణ ఒడ్డు వైపు బయలుదేరబోతున్నాడు. తిరిగి వచ్చేది వానలకే. అక్క తొలికాన్పుకు మా ఇంట్లో ఉంది. కబురు అందాలంటే బావ ఫోను బతికుండాలి, అడవి దారిలో ఛార్జింగ్ దొరకదు. ఇది అచ్చం పడవవాళ్ల కష్టమే అని నాకు తట్టింది.

పుస్తకం చెప్పినట్టే లెక్క కట్టాను. పడవ జాబితాలోంచి ఫ్రిజ్, రేడియో, లంగరు దీపం కొట్టేస్తే ఒక ఫోను, ఒక టార్చిలైటు మిగిలాయి. మందతో పాటు సామాను మోసే గాడిద వీపున చిన్న బ్యాటరీ, దానిపైన సోలార్ పలక కట్టి, బావను కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాను. బ్యాటరీని సగానికి మించి వాడొద్దన్నాను. తెరచాప నీడ పలక మీద పడొద్దన్నాను. ఉప్పుగాలి అధ్యాయం మరీ పెద్దది, అదీ వదల్లేదు. గాలి తగిలితే తీగలు తుప్పుపట్టి అంతా పాడవుతుందన్నాను. బావ బుద్ధిగా తలూపాడు. గాడిద మాత్రం సగంలోనే వెళ్లిపోయింది.

నాలుగో రోజుకే బావ ఫోను మూగబోయింది. తొమ్మిదో రోజు అక్క దవాఖానలో ఆడపిల్లను కన్నది. కబురు చెప్పే దారి లేక అమ్మ నన్నూ గ్రంథాలయాన్నీ కలిపి తిట్టింది. బండి మీద రెండు రోజులు వెతికితే, అచ్చంపేట దాటాక మంద కనిపించింది. గాడిద వీపున పలకను గొంగడిలో పసిపాపలా చుట్టి, తాడుతో బిగించి కట్టాడు బావ.

"దీన్ని ఎందుకు చుట్టినవ్ బావా?"

"నువ్వే గద గాలి తగలొద్దన్నవ్. జర గూడ తగలనియ్యలే బామ్మర్ది," అన్నాడు, మెచ్చుకుంటానేమోనని చూస్తూ.

పలకకు ఎండ కావాలని పుస్తకం మొదటి పేజీలోనే ఉంది. అంత చిన్న విషయం ఎందుకని నేనే దాటేశాను.

బిడ్డ పుట్టిందని చెప్పాను. బావ చేతికర్ర కింద పడేసి, నా ఫోను లాక్కుని అక్కకు కలిపాడు. అక్క గొంతు వినగానే గొర్రెల వైపు తిరిగి నిలబడ్డాడు. కాసేపటికి ఫోను నాకిచ్చాడు. అక్క నాతో మాట్లాడుతుందట.

"తమ్మీ, గా పుస్తకం వాపస్ ఇచ్చినవా?"

ఇవ్వలేదు. గొంగడి విప్పి పలకను ఎండకు తిప్పుతూ, ఇచ్చేశానని చెప్పాను.