పోలింగ్ ఏజెంటు గున్నమ్మ

మా అమ్మ పేరు గున్నమ్మ. భిలాయి సెక్టర్ 2లో ఈ సంగతి పట్టుమని పదిమందికి కూడా తెలియదు. తెలుగువాళ్లకు ఆమె అరుణ అమ్మ. అరుణ అంటే నేనే, అరుణజ్యోతిని. హిందీవాళ్లకు మౌసీ, అంటే పిన్ని. పసిబిడ్డ ఉన్న ఇంట్లో అయితే నీళ్లుపోసే మౌసీ. పీట మీద కూర్చుని, రెండు కాళ్లూ చాపి, బిడ్డను ఆ కాళ్ల మీద పడుకోబెట్టుకుని, నూనె రాసి, ఒళ్లంతా సాగదీసి, వేడినీళ్లు పోసి, సాంబ్రాణి పొగ పట్టి తల్లి చేతికి ఇచ్చేది. మా శ్రీకాకుళం వైపు పద్ధతి అది. మొదట్లో బెంగాలీవాళ్లు, మలయాళీవాళ్లు బిడ్డ కాళ్లు విరుగుతాయేమోనని భయపడి చూసేవారు. తర్వాత తర్వాత వాళ్లే వచ్చి పిలుచుకుపోయేవారు. పాతికేళ్లలో ఆ సెక్టర్లో అమ్మ చేతి నీళ్లు పడని పిల్లలు తక్కువ. కానీ ఆమె పేరేమిటని అడగాలని మాత్రం ఎవరికీ తోచలేదు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అమ్మకు మాత్రం చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు, 1985 దాకా.

మా నాన్న నరసింగరావు స్టీల్ ప్లాంటులో, బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ దగ్గర పనిచేసేవాడు. పెళ్లయిన నెలకే అమ్మను ఆమదాలవలసలో రైలెక్కించి భిలాయి తీసుకొచ్చేశాడు. మనిషి ఇక్కడున్నా ఓటు మాత్రం చాలా ఏళ్లు ఊళ్లోనే ఉండిపోయింది. "మనం ఇక్కడోళ్లమేటి? రిటైరైతే ఎల్లిపోమా?" అనేవాడు. అమ్మ వినలేదు. "నువ్వెల్లిపో. నానెక్కడికీ ఎల్లను. ఇంతమంది పిల్లగుంటలకి నీళ్లోసిన దాన్ని, నాను ఇక్కడిదాన్ని కాకపోతే ఇంకెవులు ఇక్కడోళ్లు?" అని పోరుపెట్టి ఇద్దరి పేర్లూ ఇక్కడి జాబితాలో రాయించింది.

ఎనభై అయిదు ఎన్నికల్లో అమ్మ మొదటిసారి భిలాయిలో ఓటు వేయడానికి వెళ్లింది. పెట్టెలోంచి పట్టుచీర తీసి కట్టుకుంది. ఎండలో రెండు గంటలు వరసలో నిలబడింది. తీరా లోపలికి వెళ్తే, జాబితాలో వేలు పెట్టి చూసిన మనిషి, "నీ ఓటు పడిపోయింది, వెళ్లమ్మా" అన్నాడట. అలాంటప్పుడు అడిగి వేరే కాగితం మీద ఓటు వేయవచ్చని మాకు చాలా కాలం తర్వాత తెలిసింది. ఆ రోజు చెప్పినవాడు లేడు. పైగా అక్కడున్న పార్టీల ఏజెంట్లు నవ్వారు. అమ్మ ఇంటికొచ్చి పట్టుచీర మడతపెట్టి పెట్టెలో పడేసి, ఆ పూట అన్నం తినలేదు. ఎవరేమన్నా చలించని మనిషి, మూడు రోజులు ఎవరింటికీ నీళ్లు పోయడానికి వెళ్లలేదు.

అసలు సంగతేమిటంటే, మాఘం ఫాల్గుణం వచ్చాయంటే మా తెలుగువాళ్లు సగంమంది పెళ్లిళ్లకని సెలవుపెట్టి ఊళ్లకు పోతారు. క్వార్టర్లకు తాళాలు పడతాయి. పాలకపక్షం తరఫున మా సెక్టర్ను చూసుకునే కాంట్రాక్టరు ఒకడుండేవాడు. తాళం వేసిన ఇళ్ల ఓట్లన్నీ వాడు బయటినుంచి కూలి ఆడవాళ్లను తెచ్చి, తలమీది కొంగు గెడ్డం దాకా లాగించి, గుట్టుచప్పుడు కాకుండా వేయించేవాడు. ఆ ఊపులో ఇంట్లో ఉన్నవాళ్లవి కూడా కొన్ని వేసేసేవారు. ఎవరు ఉన్నారో ఎవరు లేరో వాళ్లకెందుకు?

తొంభైలో మళ్లీ మధ్యప్రదేశ్ అసెంబ్లీకి ఎన్నికలొచ్చాయి. నాన్నతో పనిచేసే రాజగోపాల్ మావయ్య ప్రతిపక్షం వైపు తిరుగుతున్నాడు. ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చి, "ఆడవాళ్ల పోలింగ్ బూత్‌లో కూర్చోడానికి మనిషి దొరకడం లేదు. దొంగ ఓటు పడితే పట్టుకునే మనిషి కావాలి" అని వాపోయాడు.

"ఏటి సెయ్యాలి అక్కడ కూకుని?" అంది అమ్మ వంటింట్లోంచి.

"పేరు చదువుతారు. ఆ పేరు మనిషి అవునో కాదో చూసి చెప్పాలి. అంతే వదినా."

"అంతేనా? చదువక్కర్లేదేటి?"

"వేలిముద్ర వేస్తే చాలు."

"అయితే నాను కూకుంటాను."

నాన్న నవ్వాడు. నేనూ నవ్వాను, అబద్ధం ఎందుకు చెప్పాలి. అప్పుడు నాకు ఇరవై ఏళ్లు, కాలేజీ చదువు, నాకంటే తెలిసినవాళ్లు లేరనుకునే రోజులు. అమ్మ మా ఇద్దరి వంకా చూసి, "నవ్వండి. ఈసారి నా ఓటు నానేసుకోకపోతే ఈ ఊళ్లో ఇంక ఎవులింటా పీటేసుకుని కూకోను" అంది. ఆ మాటతో నా నవ్వు ఆగిపోయింది. ఆ పీట మీద కూర్చోవడం ఆమెకు ప్రాణమని మాకు తెలుసు.

శివరాత్రి వెళ్లిన వారంలోనే పోలింగ్. స్కూలు గదిలో బూత్. ప్రిసైడింగ్ ఆఫీసరు ఎక్కడో దూరపు పల్లె నుంచి వచ్చిన మాస్టారు, నెమ్మదైన మనిషి. పాలకపక్షం ఏజెంటు రమాకాంత్, ఆ కాంట్రాక్టరు దగ్గర గుమస్తా. తెలుగువాడే కానీ హిందీలో మాట్లాడితేనే పెద్దమనిషి అనిపించుకుంటానని నమ్మకం. వాడి ఇద్దరు పిల్లలకూ అమ్మే నీళ్లు పోసింది. "అరే మౌసీ, ఆప్! మీకెందుకమ్మా ఈ తలనొప్పి?" అని నవ్వి, కుర్చీ కూడా తనే సర్దాడు.

"ముందు నీ ఓటు వేసేసి కూర్చో వదినా" అన్నాడు రాజగోపాల్ మావయ్య గుమ్మంలోంచి. "నాను లేచినప్పుడే ఎవులైనా దూరిపోతారు. ఆకరున ఏస్తాను" అంది అమ్మ. అలా ఏడు గంటలకు కుర్చీలో కూర్చుంది.

నేను ఎనిమిదింటికే వెళ్లి వరసలో నిలబడ్డాను. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి లోపల జరిగేదంతా కనిపిస్తోంది. ఎవరో వాసవి పేరు చదవగానే కొంగు ముసుగులో ఒకామె ముందుకొచ్చింది. "వాసవి కాదు సాబ్. వాసవికి ఏడో నెల. ఈమెకి కడుపేదీ?" అంది అమ్మ తనకొచ్చిన హిందీలో. వరసంతా ఘొల్లున నవ్వింది. ముసుగామె వచ్చినదారినే పారిపోయింది. ఆ తర్వాత ఇంకొకతె, ఆ తర్వాత మరొకతె. రమాకాంత్ ముఖంలో నవ్వు తగ్గుతూ వచ్చింది. మా అమ్మ ముఖం మాత్రం పెళ్లిపందిట్లో పెద్దముత్తయిదువలా వెలిగిపోతోంది.

అప్పుడు అమ్మ ఒక తప్పు చేసింది. అచ్చమ్మ పేరు చదివారు. గెడ్డం దాకా కొంగు లాక్కుని ఒకామె మాట్లాడకుండా వచ్చి నిలబడింది. మా వీధి అచ్చమ్మత్త రెండు నెలలుగా సొంతూళ్లో ఉందనే అనుకుంటున్నాం, పైగా ఆమె ఏనాడూ ముసుగు వేసుకోదు. "అచ్చమ్మ కాదు! అచ్చమ్మ జడ మోకాళ్ల దాకా ఉంటాది. ఈ దొంగముండని పట్టుకోండి!" అని అమ్మ లేచి నిలబడింది.

ముసుగు మనిషి ఒక్కసారిగా కొంగు తీసేసింది. నున్నటి గుండు. "ఓలమ్మోలమ్మ, నాను దొంగముండనా వదినా! సింహాచలంలో మొక్కు తీర్చుకుని రాత్రే రైలు దిగినాను. గుండు సూసి నవ్వుతారని కొంగేసుకున్నాను. అందరి ముందరా పరువు తీసేసినావు కదే!" అని గొల్లుమంది అచ్చమ్మత్త.

రమాకాంత్ బల్ల చరిచి మరీ నవ్వాడు. "సర్, సొంత మనుషుల్నే పోల్చుకోలేదు. ఈవిడ పొద్దుటినుంచి ఎంతమంది నిజమైన వోటర్లను వెళ్లగొట్టిందో!" అన్నాడు. మాస్టారు కూడా ముఖం గంభీరంగా పెట్టి, "అమ్మా, ఇంకొక్కసారి ఇలా తప్పు చెప్పారంటే మిమ్మల్ని బయటికి పంపాల్సి వస్తుంది" అన్నారు. అమ్మ కుర్చీలో కూలబడింది.

ఆ వెంటనే సీతాలక్ష్మి పేరు చదివారు. సీతాలక్ష్మి తమ్ముడి పెళ్లికి ఊరెళ్లిందని సెక్టరంతటికీ తెలుసు. ముసుగులో వచ్చిన మనిషి దర్జాగా ముందుకు నడిచింది. అమ్మ నోరు తెరిచింది, మళ్లీ మూసుకుంది. ఏమో, సీతాలక్ష్మీ రాత్రి రైలుకే వచ్చిందేమో! ఆ ఓటు పడిపోయింది. నాకు ఏడుపొచ్చింది. అనవసరంగా ఒప్పుకుంది, ఇంటికి తీసుకుపోదాం అనుకున్నాను.

నా ఓటు వేసుకున్నా కదల్లేక గుమ్మం దగ్గరే నిలబడ్డాను. పదకొండు గంటల వేళ, జాబితా ముందున్న ఉద్యోగి పెద్దగా చదివాడు. "గున్నమ్మ, భర్త నరసింగరావు."

మా అమ్మ లేవబోయింది. తననే పిలిచారనుకుంది పాపం. ఈలోగా కొంగు ముసుగులో ఒక సన్నటి మనిషి బల్ల ముందుకు వచ్చి, చీటీ చూపించి, "జీ" అంది.

అమ్మ ఆ ముసుగు వంక చూసింది, తన వంక చూసుకుంది. ఆ తర్వాత వచ్చిన గొంతు నేను పుట్టి పెరిగాక ఎప్పుడూ వినలేదు.

"ఈవిడ గున్నమ్మైతే మరి నానెవుల్ని?"

రమాకాంత్ జాబితాలో కళ్లు పెట్టి పేర్లకు టిక్కులు పెట్టుకుంటున్నాడు, తలెత్తలేదు. "మౌసీ, మళ్లీ మొదలుపెట్టారా? సర్, ఈవిణ్ణి పంపించేయండి" అన్నాడు. అప్పటికి వాడికి వెలగలేదు. వాడి పిల్లలకు నీళ్లు పోసిన మనిషి పేరు వాడికి తెలియదు!

మాస్టారు తన ముందున్న ఫైలు తిప్పి, పొద్దున అమ్మ వేలిముద్ర వేసిన ఫారం బయటికి తీశారు. దాన్నీ అమ్మనూ మార్చి మార్చి చూశారు. అయినా నిదానంగానే, "ఎవరు అసలో తేల్చాలి కదా. నువ్వు చెప్పమ్మా" అన్నారు ముసుగామెతో.

"షిఫ్టు అడగండి సాబ్" అంది అమ్మ. "మా ఆయన ఇయ్యాల ఏ షిఫ్టో అడగండి."

భిలాయిలో పెళ్లాన్ని నిద్రలో లేపి అడిగినా మొగుడి షిఫ్టు చెబుతుంది. అన్నం ఎప్పుడు వండాలి, పిల్లల్ని ఎప్పుడు అరవకుండా ఉంచాలి, చుట్టాన్ని ఏ వేళ రమ్మనాలి, అన్నీ దాని మీదే నడుస్తాయి. ముసుగామె రమాకాంత్ వైపు చూసింది. రమాకాంత్ జాబితా వైపు చూశాడు. జాబితాలో షిఫ్టు రాసుండదు.

"రాత్ వాలీ..." అంది ఆమె చివరికి.

"రాత్రిదా?" అంది అమ్మ. "రాత్రి నా పక్కన గురక పెట్టినోడెవుడు మరి? నాలుగింటికి లేచి ఎవులికి నాను టిఫిన్ కట్టినాను? సోమారం నుంచి ఎ షిఫ్టు. పొద్దున ఆరింటికి లోపలికెల్తే రెండింటికి బయటికొస్తాడు. వచ్చే వారం బి, ఆ పై వారం సి. గురువారం సెలవు. ఇంకేటి కావాలో అడగండి!"

"ఎ షిఫ్టే, ఎ షిఫ్టే!" అని వరసలో ఆడవాళ్లందరూ ఒక్కటే అరుపు. అందులో అందరికంటే పెద్ద గొంతు గుండు అచ్చమ్మత్తది. "మా వదిన గున్నమ్మ ఈవిడే, రాసుకోండి!" అని గుమ్మంలోంచి చేతులు ఊపుతోంది. ఆ పేరు అప్పుడే మొదటిసారి విన్నవాళ్లు కూడా "గున్నమ్మ! గున్నమ్మ!" అని అందుకున్నారు. నేనూ అరిచాను. గొంతు పోయేలా అరిచాను. నన్ను కన్నతల్లి పేరు అంత గట్టిగా పిలవడం నా జీవితంలో అదే మొదలు.

పోలీసును పిలిచారు. ముసుగామె కొంగు జారిపోయింది, నా ఈడు పిల్ల. ఏడుస్తోంది. అమ్మ దగ్గరికి వెళ్లి తన మంచినీళ్ల చెంబు ఇచ్చింది. "దీన్నొగ్గీయండి సాబ్, కూలి పిల్ల, దీనికేటి తెలుసు. దీన్ని పంపినోడిని అడగండి" అంది. మాస్టారు పిల్లను మందలించి పంపించేశారు. రమాకాంత్ కుర్చీ వంక చూస్తే ఖాళీ. ఆ రోజు మళ్లీ మా బూత్‌లోకి ముసుగు ఒక్కటీ రాలేదు.

చివరికి అమ్మ ఓటు కాగితం తీసుకుని అట్టముక్కల చాటుకు వెళ్లింది. ఎంతకీ రాదు. ఏమైందోనని నేను కంగారుపడ్డాను. తీరిగ్గా బయటికి వచ్చి, కాగితం పెట్టెలో వేసి, పెట్టె మీద అరచేత్తో రెండుసార్లు తట్టింది, నీళ్లు పోశాక బిడ్డ వీపు తట్టినట్టు.

లెక్కింపు దుర్గ్‌లో. మా సీటు ప్రతిపక్షానిది అయింది. మర్నాటికి రేడియోలో వరసగా అవే వార్తలు. భోపాల్‌లో పాలకపక్షానికి మెజారిటీ పోయింది, ప్రభుత్వం దిగిపోయింది. రాజగోపాల్ మావయ్య డప్పులతో, గులాలు రంగుపొడితో ఊరేగింపు పట్టుకుని మా ఇంటి ముందుకొచ్చాడు. నాన్న ఎ షిఫ్టు నుంచి వచ్చి నిద్రపోకుండా డప్పుల ముందు చిందులేశాడు. అమ్మ నెత్తినిండా గులాలు పోశారు. ఆ రోజంతా మా సెక్టర్లో అరుణ అమ్మ అన్నవాడు లేడు, మౌసీ అన్నవాడు లేడు. ఎవరు చూసినా గున్నమ్మగారే.

జనం పలచబడ్డాక రమాకాంత్ వచ్చాడు. గుమ్మం బయటే నిలబడి, మొహం వేలాడేసుకుని, ఈసారి తెలుగులోనే అన్నాడు. "సర్కారే పడిపోయింది గున్నమ్మగారూ. ఇప్పుడు మీకు సంతోషమేనా?"

"మీ సర్కారు సంగతి నాకేటి తెలుస్తాది బావూ" అంది అమ్మ, వాడి చేతిలో లడ్డూ పెడుతూ. "నా ఓటు నానేసుకున్నాను, అదీ నా సంతోషం. ఈల్లు గెలిచినారు కదా, రేపొద్దున ఈల్లు నీ ఓటు దొంగిలిస్తే నాకొచ్చి సెప్పు. నీ పక్కన కూకుంటాను."