ఎనిమిదో స్క్రూ

పెదనాన్న పోయాడని పోయిన నెల ఎమ్మిగనూరు బస్సు కండక్టరు కబురు తెచ్చినప్పుడు, ఆదోనిలో మా ఇంట్లో ఎవరూ ఏడవలేదు. "వానికి ఎవరు సెప్పినారంట?" అన్నాడు మా నాన్న. వాళ్ళన్న నేర్పిన పాఠమే అది. ఒక్కడు చెబితే నమ్మకు, రెండోవాణ్ణి అడుగు. రెండో బస్సు కండక్టరు కూడా అదే మాట చెప్పాక అందరం ఏడ్చాం. ఆ ఆలస్యం పెదనాన్నకు నచ్చే ఉంటుంది.

చీర అంచులో పువ్వులు నేయడానికి మగ్గం మీద జకార్డు పెట్టె ఉంటుంది. అలాంటివి బాగుచేయడం ఆయన వృత్తి. తీరిక దొరికితే రేడియోలు విప్పేవాడు. పాలవాడు పోసిన పాలను, గోడ గడియారాన్ని, నా మార్కుల కాగితాన్ని ఒకే కంటితో చూసేవాడు. మార్కుల విషయంలో ఆయన అనుమానం న్యాయమైనదేనని ఈ సందర్భంగా ఒప్పుకుంటున్నాను.

ఏ మిషను విప్పినా దాని యజమానిని ఎదురుగా కూర్చోబెట్టి, స్క్రూలన్నీ అతని చేతిరుమాల్లోనే వేసేవాడు. "నీ సామాను నీకాడనే ఉండనీ అప్పా. రేపు నా మీద మాట రాగూడదు." వయసులో ఉండగా ఒకరింట్లో సరిగ దారం చుట్టిన కండె కనబడలేదని ఆయన సంచిని వీధిలో దులిపించారట. కండె ఆ ఇంట్లోనే మంచం కింద దొరికింది. సంచి దులపడం వీధంతా చూసింది, కండె దొరికిన సంగతి మాత్రం వీధికి ఎవరూ చెప్పలేదు.

నేను బీఎస్సీ చదివేటప్పుడు నా దోస్తు వాళ్ళన్న కువైట్ నుంచి టీవీకి తగిలించే ఆటల పెట్టె తెచ్చాడు. దానికి అక్షరాల మీటలుండేవి. పుస్తకంలో చూసి ఆటను మనమే టైపు చేసుకోవచ్చు. నాలుగు రోజులు కూర్చుని నేను టైపు చేసిన ఆట, కరెంటు పోగానే తుడిచిపెట్టుకుపోయింది. దోస్తునూ పెట్టెనూ వెంటబెట్టుకుని ఎమ్మిగనూరు బస్సెక్కాను.

పెదనాన్న అంతా విన్నాడు. "మగ్గానికి అంచు గుర్తుంటాదా? ఉండదు. బొక్కలు కొట్టిన అట్టలకు గుర్తుంటాది. మీ పెట్టెకూ అట్ట గావాల."

"అట్ట బదులు క్యాసెట్టు చాలు పెదనాయినా," అంటూ కాలేజీ లైబ్రరీ పత్రికలోంచి దించుకొచ్చిన తీగల బొమ్మ చూపించాను. ఆటను టేపులో దాచుకుంటే, కరెంటు వచ్చాక మళ్ళీ పెట్టెలోకి ఎక్కించుకోవచ్చు.

మూత తీశాడు. చవక రకం పెట్టె కాబట్టి టేపు సాకెట్టుకు లోపల చోటుంది గానీ, సాకెట్టు లేదు.

"చోటు ఇడిసి సామాను పెట్టలేదంటే, నడుమ ఎవడో మింగినాడు."

"మా అన్న మింగినాడంటావా చాచా?" అన్నాడు దోస్తు.

"మీ అన్నను నేనెరుగను గదప్పా."

ఎనిమిది స్క్రూలు దోస్తు రుమాల్లో ఉన్నాయి. వాడు నీళ్ళు తాగడానికి లేచినప్పుడు నేనొకటి తీసి జేబులో వేసుకున్నాను. ఇంత అనుమానపు మనిషి లెక్క తప్పితే ముఖం ఎలా ఉంటుందో చూసి నవ్వుకుని, తిరిగి ఇచ్చేద్దామని.

మధ్యాహ్నానికి సాకెట్టు అతికింది. పెట్టెను టీవీకి తగిలించి, పుస్తకంలోని చిన్న ఆటొకటి మళ్ళీ టైపు చేశాను. పెదనాన్న దాన్ని రెండు క్యాసెట్లలోకి ఎక్కించాడు, ఒకటి దోస్తుకు, ఒకటి తన దగ్గర రుజువుకు. పెట్టె ఆర్పి, వెలిగించి, టేపు తిప్పాడు. ఆట తిరిగొచ్చింది. తర్వాత మూత బిగిస్తే ఏడు స్క్రూలే తేలాయి.

దోస్తు ముఖం మారింది. "స్క్రూనే పోయిందంటే లోపల ఇంకేం పోయినాయో."

పెదనాన్న మూత మళ్ళీ విప్పి లోపలంతా వాడికి చూపించాడు. చాప ఎత్తి చూశాడు. ఆ పైన, ఎవరూ అడగకుండానే, తన సంచి వాకిట్లోకి తీసుకుపోయి బోర్లించి దులిపాడు. ఎదురింటివాళ్ళు తొంగి చూశారు. నేను నవ్వుకోవాల్సిన ముఖం అదే. జేబు మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. తిరుగు బస్సులో దోస్తు పెట్టెను ఒళ్ళో పెట్టుకుని, నాకు దూరంగా వేరే సీట్లో కూర్చున్నాడు.

తర్వాత ఎప్పుడు కలిసినా పెదనాన్న అడిగేవాడు, "ఏమన్నా సెప్పాల్నా అబ్బోడా?"

"ఏం లేదు పెదనాయినా."

ఆయన కర్మల నాడు గొంతు వినాలని పెద్దమ్మ అడిగింది. ఇంట్లో ఆయన గొంతున్నది రుజువుకని దాచుకున్న ఆ ఆట క్యాసెట్టు ఒక్కటే. చీటీలు ఎవడైనా మారుస్తాడని, టేపు మొదట్లో నోటితో చెప్పిపెట్టాడు. "ఇది ఆట. పాట గాదు. మా తమ్ముని కొడుకుది." అంతే, తర్వాత కీచుమని ఆట మోత. చుట్టాలంతా భక్తిగా చేతులు కట్టుకుని ఆ మోత విన్నారు. ఎవరో ఆపబోతే పెద్దమ్మ ఆపనీయలేదు. "ఉండనీ. ఆయప్ప మాట సగంలో ఇడిసే రకం గాదు."

మోత ఆగింది. మళ్ళీ ఆయన గొంతు.

"స్క్రూలు ఎనిమిది. పెట్టెకు ఏడు. ఒగటి మావోని అంగీ జేబులో ఉంది, తీసేటప్పుడు సూసినాను. ఆ పిల్లోని ముందర సెప్తే వీనికి మాటొస్తాది. వీడే సెప్తాడులే, ఆగుదాం."

లోకంలో ఎవరినీ నమ్మని మనిషి నన్నొక్కణ్ణే నమ్మి, రెండేళ్ళు ఆగాడు.

మర్నాడు కాంపాస్ పెట్టె అడుగున దాచుకున్న స్క్రూ తీసుకుని దోస్తు ఇంటికి పోయి ఉన్నదంతా చెప్పాను. వాడు తిట్టలేదు. లోపలికి పోయి పెట్టె తెచ్చాడు. ఎనిమిదో బొక్క ఇంకా ఖాళీగానే ఉంది. నా ఎదురుగా కూర్చుని జేబులోంచి రుమాలు తీసి, మడతలు విప్పి, మా ఇద్దరి నడుమ పరిచాడు. దాని మధ్యలో ఆ ఒక్క స్క్రూ పెట్టాను.