బస్సు షెల్టర్ గోడ మీద ఆకాశం

భట్టిప్రోలుకు ఇవతల, రేపల్లె బస్సులు ఆగే ఒక ఊళ్ళో, షెల్టర్ గోడ మీద నేనూ ఆ ఊరి ఆడవాళ్ళూ కలిసి ఒక బొమ్మ చేశాం. ఊరి పేరు రాయను. రాస్తే ఎవరో ఒకరు సెల్‌ఫోన్ పట్టుకుని ఈ కథలో మనుషుల్ని వెతుక్కుంటూ బయల్దేరతారు.

మాది తెనాలి. టైలు ముక్కలూ పగిలిన పింగాణీ పెంకులూ అతికించి గోడల మీద బొమ్మలు చేయడం నా పని. దీన్ని మొజాయిక్ అంటారని చెప్తే, "అంటే గచ్చు వేస్తారాండి?" అని అడిగారు ఆ ఊరివాళ్ళు. బాపట్లలో చేసినప్పుడూ ఇదే ప్రశ్న. నాకు చిరాకేసి, అవునండీ, గచ్చునే నిలబెడతాను అన్నాను. నవ్వారు. నవ్వినవాళ్ళే మర్నాడు పనిలోకి వచ్చారు. కోతలైపోయి పొలం పనులు లేని రోజులవి.

ముక్కలు నేను కొనను. ఊరే ఇవ్వాలి. చెవి విరిగిన కప్పులు, ఊరగాయ జాడీ పెంకులు, ఇల్లు కట్టగా మిగిలిన టైళ్ళు, ఏవైనా సరే. తమ ఇంటి ముక్క ఒకటి ఉంటే ఆ గోడ మీద పోస్టర్ అంటించడానికి ఎవరినీ రానివ్వరు. గోడ మీద బొగ్గుతో బొమ్మ గీశాను. కింద వరి చేను, మధ్యలో కాలువ, గట్టు మీద నాట్లు వేసి వస్తున్న ఆడవాళ్ళు, పైన ఆకాశం. మన కాలువ నీళ్ళు మట్టి రంగే కాబట్టి జాడీ పెంకులు సరిపోయాయి. ఆకాశానికే నీలం దొరకలేదు.

అప్పుడు ఒకామె వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. కొంగులో గుప్పెడు నీలం టైలు ముక్కలు. లేత నీలం మీద సన్నటి తెల్ల చారలు, ఆకాశం కోసమే చేయించినట్టున్నాయి. ఇంకా ఉన్నాయా అమ్మా అని అడిగాను.

"ఉన్నాయండి. రోజూ కాసిని తెస్తాను."

"ఒకేసారి తెచ్చేయొచ్చుగా?"

"ఒక్కసారే ఊడి రావండి," అంది.

అన్నట్టే రోజూ తెచ్చింది. ఆమె వస్తే చాలు, అప్పటిదాకా ఒకరినొకరు ఆటపట్టించుకుంటున్నవాళ్ళు తలలు దించుకుని పనిలో పడిపోయేవారు. నీలం ముక్కల్ని ఎవరూ ముట్టుకునేవారు కాదు. "ఆకాశం మీరే పెట్టండి మేడమ్, మాకు వంకర వస్తది," అనేవాళ్ళు. వరి కంకుల వంపులన్నీ చక్కగా తిప్పినవాళ్ళకి ఆకాశం వంకర రావడమేంటో నాకు అర్థం కాలేదు. ముక్కల వెనక పాత సిమెంటు, దానికి అంటుకుని తడి మట్టి. కడిగితే నీళ్ళు నల్లగా దిగేవి. ఇంత ఎండల్లో అంత తడి ఎక్కడిదా అనిపించింది. ఎవరో పాత స్నానాలగది పగలగొడుతున్నారు కాబోలని సరిపెట్టుకున్నాను.

ఆ తర్వాత ఇంకోటి మొదలైంది. ముందురోజు పెట్టిన నీలం ముక్కల్లో కొన్ని, పొద్దున్నే వచ్చి చూస్తే ఉండేవి కావు. రాలిపోతే కింద పడుండాలి. కింద ఏమీ లేదు. ఒక్కో ముక్క ఆకారంలో ఒక్కో గుంట మాత్రం సిమెంటులో మిగిలేది. జాడీ పెంకు ఒక్కటి కూడా పోలేదు, పోయినవన్నీ నీలమే. పక్క ముక్కకి దెబ్బ తగలకుండా, సిమెంటు ఇంకా పచ్చిగా ఉండగానే, ఎవరో ఓపిగ్గా తీసుకెళ్తున్నారు. బస్సు కోసం వచ్చేవాళ్ళు బెంచీ ఖాళీగా ఉన్నా ఆ గోడ పక్కన కూర్చోవడం మానేసి, ఎండలో రోడ్డు మీద నిలబడేవారు. దెయ్యాలూ గియ్యాలూ అంటే మా ఇంట్లో అందరికంటే ముందు కసురుకునేది నేనే. అయినా ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఆ గోడకి వీపు పెట్టాలంటే భయమేసేది. దాచుకోవడమెందుకు.

ఒక మధ్యాహ్నం, పనివాళ్ళలో అందరికంటే పెద్దావిడని నిలదీశాను. "పిన్నీ, ఈ నీలం ఎక్కడిది? చెప్పకపోతే ఇప్పుడే సామాను సర్దేస్తాను."

ఆవిడ చేతులు కడుక్కుని, తుడుచుకుని, అప్పుడు చెప్పింది. "సమాధుల తోటలోదమ్మా. వాళ్ళ పాపది."

ఆ వైపు క్రైస్తవ కుటుంబాలు సమాధులకి టైళ్ళు వేయిస్తారని నాకు తెలుసు. తెలిసి కూడా తట్టలేదు. నాలుగో తరగతి చదువుతున్న పాప జ్వరంతో పోయిందట. ముందే ఎందుకు చెప్పలేదని కోప్పడ్డాను.

"ఎట్టా చెప్పమంటావు? ఆ తల్లి ముఖం చూసి నువ్వు వద్దనగలవా?"

అనలేను.

సమాధుల తోట కాలువ కట్ట దిగగానే ఉంది. ఎండకి ఎక్కడా అలికిడి లేదు. ఒక చిన్న సమాధి ముందు మాత్రం ఒకతను గొంతుక్కూర్చుని ఉన్నాడు. పక్కన ప్లాస్టిక్ తట్టలో కలిపిన సిమెంటు. సమాధికి ఒక వైపు టైళ్ళు ఊడదీసి బోడిగా ఉంది. రెండో వైపు చిన్న చిన్న నీలం ముక్కలు అతికించి ఉన్నాయి. అవి నేను కత్తిరించిన ముక్కలు. గోడ మీద మాయమైన ఆకాశమంతా అక్కడ వంకరటింకరగా, సందులు సందులుగా ఉంది.

అతను నన్ను చూసి లేచాడు. పాప తండ్రి.

"దొంగతనం కాదండి. మా ఆడమనిషి ఇక్కడ తీసి అక్కడ పెడతంది. నేను అక్కడ తీసి ఇక్కడ పెడతన్నాను. చీకట్లో పాప ఒక్కతే ఉండలేదంట. షెల్టర్ కాడైతే నలుగురూ ఉంటారంట."

"మరి మీరేమంటారు?"

"నేను చూసుకోటానికి రావాలంటే ఒక చోటుండాలి కదండి."

ఇద్దరి మాటా నిజమే. అవే టైళ్ళు రెండు చోట్లా ఉండవు. అతని పక్కన కూర్చుని, సందుల్లోకి సిమెంటు ఎలా నింపాలో చూపించాను. ఎవరి పక్షాన ఉన్నానో నాకే తెలియలేదు.

మీరిద్దరూ ఒక మాట మీదికి వచ్చేదాకా ఆకాశం జోలికి రానని ఆమెకు కబురు పెట్టాను. ఆమె రావడం మానేసింది. మిగతా బొమ్మంతా పూర్తయింది, పైన సగం నీలం, సగం బోడి సిమెంటు.

నేను సామాను సర్దుకునే రోజున ఇద్దరూ కలిసి వచ్చారు. అతని చేతిలో తువ్వాలు చుట్టిన పలక. పాప ఫోటో అచ్చువేయించిన టైలు, సమాధికి తలవైపు ఉండేదట. రెండు జడలు, స్కూలు యూనిఫాం, ఫోటో తీసేవాణ్ణి ఏమాత్రం నమ్మని చూపు.

"నీలం ఎక్కడున్నది అక్కడే ఉండనివ్వండి," అంది ఆమె. "ఇది మాత్రం ఈ గోడకి పెట్టండి."

అతనివైపు చూశాను. తల ఊపాడు కానీ పలక వదల్లేదు.

"ఆయనకి ఒకటే భయమండి. రోజూ ఇన్ని బస్సులు ఆగుతుంటే, చూసి చూసి, ఏదో ఒకటి ఎక్కి వెళ్ళిపోద్దేమోనని."

ఎవరం నవ్వలేదు.

"మరి ఎలా పెట్టమంటారు?"

"ముఖం గోడవైపుకి తిప్పి పెట్టండి," అంది ఆమె. "మాటలు వినపడతాయి, అది చాలు."

ఆకాశంలో బోడిగా ఉన్న చోట సిమెంటు పూసి, పాప ముఖం లోపలికి ఉండేలా పలక ఆనించాను. తడి సిమెంటులోకి ఆ ముఖం దిగుతుంటే నొక్కడం ఆపేశాను. అతను దగ్గరికొచ్చి నా చేతి పక్కన తన చెయ్యి పెట్టాడు.

"ఇంకొంచెం గట్టిగా నొక్కండమ్మా. ఊడి రాకూడదు."

ఇంతలో రేపల్లె బస్సు వచ్చి ఆగింది. జనం ఎక్కారు. అది వెళ్ళిపోయేదాకా అతను పలక మీద నుంచి చెయ్యి తీయలేదు.