విత్తనపు కంద

మా ఇంట్లో కంద విత్తనం కొనడమన్నది లేదు. తవ్విన పంటలోనే మచ్చలేని గడ్డలు ఏరి, వీధి అరుగు మీద ఇసుక పరిచి, ఒకదానికొకటి తగలకుండా పేర్చేవాళ్ళం. వేసవంతా అవి అక్కడే. అమ్మ ఒక్కోదాన్నీ నొక్కి చూసి, మెత్తబడినదాన్ని తీసి పారేసేది. విత్తే ముందు నాన్నే కత్తిపీట ముందేసుకుని, ప్రతి ముక్కకూ మొలకలో కొంత వచ్చేలా కోసేవారు. ఆ ముక్కల్ని పేడనీళ్ళలో ముంచి నీడన ఆరబెట్టేవాళ్ళం. పొన్నూరు వైపు రైతులు కూడా విత్తనానికి మా అరుగు దగ్గరికే వచ్చేవారు. మేము ఇవ్వడమేగాని అడిగి ఎరుగం.

పొలం చాలావరకు చేతులు మారి, బావి పక్క నేలచెక్క ఒకటి మిగిలింది. నాలుగేళ్ళ కిందట అందులో గడ్డ సరిగ్గా ఊరలేదు. విత్తనానికి తీసినవి అరుగులో ఓ మూలకు సరిపోయాయి. మిరపకోతకు పోయే కూలీలు ఆటోల్లోంచి తలలు తిప్పి చూసేవారు. నాన్న గడ్డలన్నీ వెనకగదిలోకి చేర్పించి తలుపు మూయించారు.

“గాలాడకపోతే కుళ్ళిపోతాయండీ,” అంది అమ్మ.

“దారినపోయేవాళ్ళు మన గడ్డలు లెక్కపెట్టక్కర్లేదు. తలుపు తియ్యొద్దు.”

పక్కచేను రైతు అరుగు చూసి నవ్వాడు. “ఏంది బాబాయ్, లోపల దాచారు? కందేనా, బంగారమా?”

“రెండూ ఉన్నాయిలేరా.”

రోహిణి ఎండల్లో వాసన తలుపు దాటి వచ్చింది. తీసి చూస్తే గడ్డల్లోకి వేళ్ళు దిగబడ్డాయి. కుళ్ళు కోసేయగా చేటెడు ముక్కలు మిగిలాయి. అవీ పోతే మా ఇంటి విత్తనం పోయినట్టే.

సంగతి తెలిసి ఆ రైతే మళ్ళీ వచ్చాడు. ఈసారి నవ్వలేదు. “మా దగ్గర విత్తనం మిగిలింది బాబాయ్. రెండు గంపలు పంపిస్తా.”

“వద్దులేరా. ఈ ఏడు భూమిని ఊరికే ఉంచుదామనుకున్నాం.”

ఆయన స్థానంలో నేనున్నా అదే చెప్పేవాణ్ణి.

అతను వెళ్ళాక అమ్మ చేట తెచ్చి నాన్న ముందు పెట్టింది. “ఒక్క సాలుకైనా వస్తాయండీ. వేద్దాం.”

“అంత చెక్కలో ఒక్క సాలా? ఊరంతా చూడ్డానికా? కూర వండు.”

అమ్మ చింతపండు నానబెట్టింది. ఆ మధ్యాహ్నం ముగ్గురం కంద పులుసు తిన్నాం. నాన్న మారు వేయించుకున్నారు.